బెజవాడ జూబిలీ మందిరము

సముద్రతీరములందు వర్తకమునకై దిగి క్రమముగా నేలికలైన యాంగ్లేయులు కోటలను గిడ్డంగులను గట్టుకొనిన పిమ్మట విందులకును నృత్యములకును దగిన శాలలను గూడ గట్టుకొనిరి. చెన్నపట్టణమున రెండవ క్లైవు ప్రభువు గవర్నరుగా నున్న కాలమున, ఖగోళశాస్త్రజ్ఞుడగు గోల్డింగ్‌హాము నిర్మించిన విందుల మందిరము వీనిలో బ్రసిద్ధమైనది. ప్లాసీ శ్రీరంగపట్టణ విజయములకు స్మారకముగా దానిని 1802వ సంవత్సరమున దెరచిరి. దొరలు దొరసానులు జంటలుగా నాడుటకును, గవర్నరు విందు లిచ్చుటకును ఉద్దేశింపబడిన యా శాలలోనే మదరాసు విశ్వవిద్యాలయమువారు 1879 వరకు పట్టప్రదానోత్సవములు జరిపిరి. 1938, 1939 సంవత్సరములలో శాసనసభ యచట గూర్చుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దానికి రాజాజీ మందిరమను పేరు గలిగెను. 1969లో అణ్ణాదురై, 1972లో రాజాజీ, 2018లో కరుణానిధి మొదలగువారి పార్థివశరీరములను ప్రజల కడపటి దర్శనమునకై యచటనే యుంచిరి. గట్టినవారి యుద్దేశమునకును గట్టడముయొక్క తరువాతి జీవితమునకును ఎంత దూరముండునో తెలియుట కా శాల యొక్కటి చాలును.

కృష్ణామండలమున నిట్టి వినోదశాల యుండదగిన తావు బందరు. ఆంగ్లేయుల గ్లోబు అను నోడ 1611లో నచ్చటికి వచ్చెను. డచ్చివారు వారికంటె ముందే వచ్చి యుండిరి. ఫ్రెంచివారు 1750లో కోటను వశపరచుకొనగా, 1759 ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు రాత్రివేళ దానిపై బడి గైకొనెను. అద్దకపుబట్టల వర్తకమువలన బందరు పేరు పారసీకమునందును ఐరోపాఖండమునందును గూడ వినబడుచుండెను. ఇంత చరిత్రగల తీరనగరమున నేడు దొరల విలాసములకు గుర్తుగా నిలిచినది మిక్కిలి స్వల్పము. డచ్చివారి సమాధులు కలవు. కోటలోని కొన్ని శిథిలములు కలవు. పరిశుద్ధ మరియమ్మ దేవాలయము కలదు. ఈ దేవాలయము కథ విచిత్రమైనది. 1809లో మరణించిన ఆరబెల్లా రాబిన్సను అను యువతి రోమను మతస్థురాలగుటచే నామెను తమ శ్మశానమున బూడ్చుటకు ఆంగ్ల మతాచార్యు డంగీకరింపకపోగా, ఆమె ప్రియుడగు సేనాని పేటరు వేరుగా స్థలము సంపాదించి, సమాధిపై నీ దేవాలయమును గట్టించెనని ప్రతీతి. అనగా బందరులో మిగిలిన యాంగ్లేయ కట్టడములలో ముఖ్యమైనది ప్రేమచే సమాధిగా మొదలై ప్రార్థనాలయమైనదన్నమాట.

బందరు దశను మార్చినది 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన యుప్పెన. సముద్రము కట్టలు దాటి లోనికి జొచ్చి, ఒక్క రాత్రిలో ముప్పదివేలమంది ప్రాణములను గొనెను. పట్టణమును కోటయు నీటిపాలయ్యెను. అటు పిమ్మట కోటలో సైన్యము నిలువలేదు. రేవు మేటవేయుచుండెను, ఓడలు తీరమునకు మైళ్ల దూరమున నిలువవలసివచ్చెను. జిల్లాకు ముఖ్యపట్టణమను గౌరవము బందరునకే యుండెను గాని, ధనమును జనమును క్రమముగా నేటిదెసకు, అనగా బెజవాడ దెసకు, మరలెను.

ఈ మరలుటకు గారణములు రెండు. కృష్ణానదికి అడ్డముగా బెజవాడయొద్ద 1852లో నారంభమై 1855లో ముగిసిన యానకట్ట మొదటిది. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరును, పడవలకు దారియు నయ్యెను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ మొదలగునవి బెజవాడను పడవల రేవుగా జేసెను. రెండవది రైలు. 1893 నాటికి కృష్ణపై రైలువంతెన నిర్మింపబడి, చెన్నపట్టణమునకును కలకత్తాకును బోవు మార్గము లిచ్చట గలిసెను. బందరునకు రైలు 1908 వరకు రాలేదు, వచ్చినదియు బెజవాడనుండియే. సముద్రముపై వచ్చిన వర్తకుల పట్టణము తగ్గి, కాలువలపై ధాన్యము నంపు రైతుల పట్టణము పెరిగెను. 1888 ఏప్రిలు 1వ తేదిని బెజవాడకు పురపాలకసంఘ మేర్పడెను. దానికి ముందటి యేట, అనగా 1887 జూను 27వ తేదిని, విక్టోరియా రాణి యేబది సంవత్సరముల పాలనోత్సవమునకు స్మారకముగా బందరు రోడ్డుప్రక్క నొక మందిరమునకు పునాదిరాయి నుంచిరి. అదియే యీ వ్యాసమునకు విషయమైన జూబిలీ మందిరము. స్మారకమును సముద్రతీరమునందలి జిల్లాముఖ్యస్థానమున గాక, ఇంకను పురపాలకసంఘమైనను లేని బెజవాడలో నిలుపుటయే కాలము మారినదనుటకు సాక్ష్యము.

ఆ రాయి నుంచినవాడు అప్పటి కృష్ణామండల కలెక్టరు రాబర్టు సూయెలు. చరిత్రపరిశోధకులకు ఈ పేరు చిరపరిచితము. విజయనగర సామ్రాజ్యమును గూర్చి 1900లో వెలువడిన గ్రంథమువలన నితని కీర్తి వ్యాపించెను గాని, అంతకు ముందే దక్షిణదేశపు పురావస్తువుల పట్టికలను 1882, 1884 సంవత్సరములలో బ్రకటించి, గ్రామగ్రామమున నున్న శాసనములను శిథిలములను జాబితా కెక్కించెను. శంకర బాలకృష్ణ దీక్షితునితో గలిసి 1896లో వెలువరించిన కాలగణన గ్రంథము తిథివార నక్షత్రములతో శాసనకాలమును నిర్ణయించువారికి బహుకాలము చేతిపుస్తకమై యుండెను. 1877లో అమరావతి స్తూపమును ద్రవ్వించినవాడు నితడే. హ్యుయెన్‌త్సాంగు చూచిన రెండు కొండలమీది సంఘారామములు బెజవాడ కొండలలోనే యుండెనని 1880లో వాదించెను. ఆ వాదము నేడు నిలువలేదు. ధాన్యకటకమును అమరావతి ధరణికోటలకు జేర్చుటయే యెక్కువమంది పండితులకు సమ్మతము. అయినను బెజవాడ కొండగుహలవైపు పండితుల చూపును మరల్చినది సూయెలు పొరపాటే యనవచ్చును. నిజమునకు దారి చూపిన పొరపాటులు చరిత్రపరిశోధనమున గొన్ని గలవు. వానిలో నిది యొకటి.

ఇట్టివాడు పునాది వేసిన మందిరము, డెబ్బదియైదేండ్లు గడచిన పిమ్మట, పురావస్తువులకే నిలయమగుట యాదృచ్ఛికమే గాని వింతగా నున్నది. ఏలయనగా ఆ మండలమున శిల్పములకు అంతకు ముందు పట్టిన గతి వేరు. అమరావతి స్తూపపు ఫలకములను వాసిరెడ్డి వేంకటాద్రినాయనిగారి కాలమున నిండ్లకును మెట్లకును రాళ్లుగా వాడిరి. 1830లో బందరునం దుద్యోగియైన రాబర్ట్సను కొన్ని ఫలకములను దెప్పించి, తాను పెట్టించిన క్రొత్తపేట సంతలో నలంకారముగా నిలిపించెను. ఆ పేటకు నేటికిని రాబర్ట్సనుపేట యనియే పేరు. బౌద్ధులకు బూజ్యములైన రాళ్లు సంతకు సొంపుగా నిలిచినవి. తరువాత వానిలో గొన్ని చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు జేరినవి. ఎలియటు దొర 1845లో ద్రవ్వించినవి మొదట చెన్నపట్టణమునకును, 1859లో లండనుకును బోయినవి. కృష్ణాతీరపు శిల్పము కృష్ణాతీరముననే చూడదగిన చోటు చాలకాలము వఱకు లేకపోయెను.

జూబిలీ మందిరము మొదట బురావస్తుశాల గాదు. పారిశ్రామిక ప్రదర్శనములకు దావయ్యెను. కాలువలు పారిన పిమ్మట కృష్ణాడెల్టా రైతునకు తన పంటయు జేతిపనియు పదుగురకు జూపవలయునను కోరిక సహజముగా గలిగినది. రాణి పేరిట గట్టిన శాలలో రాణిని దలచినవారికంటె బనిముట్లను బట్టలను దలచినవారే యెక్కువ యని యూహించుట తప్పు గాదు.

ఆ శాల నృత్యమునకు దావు గాకపోవుటకును గారణము కాలముననే కలదు. కృష్ణామండలమున నాట్యమునకు గొదవ లేదు. బెజవాడకును బందరునకును నడుమనే కూచిపూడి గలదు. మువ్వ గోపాలుని పదములను రచించిన క్షేత్రయ్య పేరు మువ్వతో ముడివడి యున్నది. కాని యిచ్చటి నాట్యమునకు నాలుగు గోడల శాల యెప్పుడును నవసరము గాలేదు. భాగవతులు దేవాలయము ముంగిట, వీధినడుమ, దివిటీల వెలుతురున నాడిరి. కళావంతులు గుడిమంటపమునను, జమీందారుల యిండ్ల మేజువాణులయందును ఆడిరి. సరిగా బహిరంగమందిరములు వెలయుచున్న దశాబ్దములలోనే యీ మేజువాణులపై సంస్కర్తల దాడి యారంభమైనది. 1862లో బందరున జన్మించి, పిదప నోబిలు కళాశాలలో నుపాధ్యాయులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు దీనికి నాయకులు. నాట్యగోష్ఠులకు బెద్ద యుద్యోగులు హాజరు కారాదని 1893లో మదరాసు సంఘసంస్కర్తలు గవర్నరునకును రాజప్రతినిధికిని విజ్ఞప్తి నంపిరి. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీవ్యవస్థను నిషేధించెను. ఈ యుద్యమము బాలికలకు జేసిన మేలు కాదనరానిది. దానితోడనే ఒక విద్య తరతరములు కాపాడినవారి చేతులనుండి జారిపోయినదనుటయు నంతే నిజము. పాశ్చాత్యులు తాము జంటలుగా నాడుటకు శాలలు గట్టుకొనిన కాలముననే ఇచ్చటివారి యాటకు శాల దొరకకుండుట చరిత్రలోని విషమత.

నాట్యమునకు లేని శాల నాటకమునకు దొరకెను. ధార్వాడ నాటకసమాజము ఆంధ్రదేశమున సంచరించిన పిదప, గోదావరీ కృష్ణామండలములందు నాటకసమాజములు పుట్టగొడుగులవలె వెలసినవి. బెజవాడలో మైలవరము బాలభారతీ సమాజము పేరొందినది. కాని నాటకశాలలకు మరియొక ప్రత్యర్థి వచ్చెను. పోతిన శ్రీనివాసరావుగారు 1921లో మారుతి సినిమాను స్థాపించిరి. నాటకప్రదర్శనములకై వెలసిన దుర్గా కళామందిరము సయితము క్రమముగా జలనచిత్రశాల యయ్యెను. 1932లో భక్తప్రహ్లాద మాటలాడుచు వచ్చిన పిమ్మట నీ మార్పు నాపగల శక్తి యే సమాజమునకును లేకపోయెను. కుర్చీలవియే, చూపరులు వారే. వేదికమీద మనుష్యులకు బదులు తెర మాత్రము వచ్చినది.

జూబిలీ మందిరమున కిట్టి గతి పట్టలేదు. 1921వ సంవత్సరమే దానికిని ఘనతను దెచ్చినది. ఆ యేడు మార్చి 31, ఏప్రిలు 1 తేదులలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున నిరువదిలక్షల రాట్నములు జూను 30 నాటికి సిద్ధము కావలయునని యచట నిర్ణయించిరి. ఈ నిర్ణయములకంటె జనుల మనస్సులలో నెక్కువగా నాటుకొనినది పతాకము. బందరు జాతీయ కళాశాలలో నుపాధ్యాయులైన పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయపతాకమును గూర్చి చిన్నపుస్తకము ప్రకటించియుండిరి. బెజవాడలో వారు గాంధిగారికి పతాకమును సమర్పించిరి. ఆ సమర్పణము జూబిలీ మందిరముననే జరిగెనని పట్టణమున దృఢముగా జెప్పుకొందురు.

ఇచ్చట కొంత నిదానించి విచారింపవలసియున్నది. పాఠశాలలలో బోధింపబడునది కనుక, విషయము చిన్నదని త్రోసిపుచ్చరాదు. ఈ సంగతికి ప్రథమసాక్షి గాంధిగారే. 1921 ఏప్రిలు 13వ తేది యంగ్ ఇండియా పత్రికలో వారు జాతీయపతాకమును గూర్చి వ్రాసిరి. ఆ వ్యాసమువలన దెలియునది యిది: రాట్నమును పతాకముపై నుంచవలెనను నాలోచన జలంధరమునందలి లాలా హంసరాజుగారిది. బెజవాడలో గాంధిగారు వెంకయ్యగారిని బిలిచి, ఎరుపు ఆకుపచ్చ రంగులమీద రాట్నముగల చిత్రమును వ్రాసి యిమ్మనిరి. వెంకయ్యగారు మూడు గంటలలో సిద్ధపరచిరి. అయినను అది సంఘమువారి యెదుట బెట్టుటకు గొంచెము ఆలస్యముగా జేరెను. ఆలస్యమే మేలయ్యెనని గాంధిగారు భావించిరి. ఏలయనగా తరువాత ఆలోచింపగా, ఇతర మతములవారికి గుర్తుగా దెలుపు రంగును గూడ జేర్పవలయునని వారికి దోచెను.

దీనినిబట్టి మూడు విషయములు స్పష్టము. బెజవాడ సభ పతాకము నంగీకరించెనని కొన్ని పాఠ్యపుస్తకములలో గానవచ్చు మాట సరికాదు. అది సభయెదుటికే రాలేదు. అచట సిద్ధమైనది త్రివర్ణము గాదు, ద్విവర్ణము. మూడవ రంగు తరువాతి యాలోచన. వ్యాసమున బెజవాడ పేరు గలదు గాని మందిరము పేరు లేదు. కావున మందిరమునకు సంబంధించిన మాట పట్టణపు స్మృతిపై నాధారపడినదే. స్మృతి యగుటచే దానిని ద్రోసివేయ నక్కర లేదు. స్మృతి యని చెప్పి నిలుపుట చాలును. వెంకయ్యగారి కీర్తికి దీనివలన లోపమేమియు లేదు. మూడు గంటలలో బతాకమును సిద్ధపరచుట ఐదేండ్ల పూర్వపరిశ్రమ గలవానికే సాధ్యము. కాంగ్రెసు సంఘము రంగులను మార్చి, కాషాయ శ్వేత హరితములతో రాట్నమును నిలిపి 1931 ఆగస్టులో బొంబాయిలో నంగీకరించెను. రాట్నమునకు మారుగా ధర్మచక్రమును జేర్చి రాజ్యాంగపరిషత్తు 1947 జూలై 22వ తేదిని జాతీయపతాకముగా దీర్మానించెను.

1962లో రాష్ట్ర పురావస్తుశాఖవారు జూబిలీ మందిరమును ప్రదర్శనశాలగా మార్చిరి. మరుసటి యేట వెంకయ్యగారు కాలధర్మము నొందిరి. ప్రదర్శనశాలలో జేరిన వస్తువులలో కృష్ణామండలమునందలి అల్లూరున దొరకిన బుద్ధవిగ్రహము ముఖ్యమైనది. తెల్లని సున్నపురాతిలో దీర్చిన యా నిలువు విగ్రహము క్రీస్తు తరువాత మూడు నాలుగు శతాబ్దముల నాటిది. వస్త్రపు మడతలు సన్నని గీతలుగా నొడలిని జుట్టివచ్చు తీరు అమరావతి నాగార్జునకొండ శిల్పులది. బందరు సంతకును లండనుకును బోయిన తోబుట్టువులకు గాని భాగ్యము, అనగా పుట్టిన మండలముననే నిలిచి చూడబడుట, దీనికి గలిగినది. ఆదిమానవుల రాతిపనిముట్లు, నాణెములు, ఆయుధములు మొదలగునవియు నచట గలవు.

కట్టడమెవరి కుపయోగపడవలయునను ప్రశ్న బెజవాడకు గ్రొత్త గాదు. మల్లేశ్వరస్వామి యాలయమున దొరకిన యుద్ధమల్లుని శాసనమును తెలుగు ఛందస్సు చదువుకొన్నవా రెల్లరు నెరుగుదురు. మధ్యాక్కరలలో నడచిన యా పదవ శతాబ్దపు శాసనమును జయంతి రామయ్యపంతులుగారు ప్రకటించిరి. వేయించినది మొదటి యుద్ధమల్లుడా, రెండవ యుద్ధమల్లుడా యను చర్చ పండితులలో జరిగినది. కవిత్వముకొరకు దానిని జదువువారు విషయమును దఱచుగా మరతురు. కుమారస్వామికి గట్టిన గుడియు మఠమును గొరగలకు దక్క నన్యుల నివాసమునకు గారాదనియు, ఇతరులు చేరినచో పాతకము చుట్టుకొనుననియు నందలి భావము. బెజవాడలో దొరకిన తొలి తెలుగు పద్యములు కట్టడపు వినియోగమును గూర్చిన కట్టుబాటులే. శపథములు పెట్టి శాసించినను ఆ మఠమున గొరగలు నిలువలేదు. జూబిలీ మందిరమునకు శపథము లేమియు లేవు. కనుకనే కాబోలు దాని మార్పులు కలహము లేక జరిగిపోయినవి.

కడపటి మార్పు పేరునందు గలిగినది. విక్టోరియా జూబిలీ మ్యూజియమను పేరు పోయి బాపు మ్యూజియమయ్యెను. బహుకాలము మూతపడి బాగుచేయబడిన పిదప 2020లో మరల బ్రజలకు దెరువబడెను. చక్రవర్తిని పేరుకు మారుగా బాపు పేరు నుంచుట తగినదే. కాని 1887 నాటి పేరును, పునాది వేసిన దినమును, వేసినవాని పేరును తెలుగున జదువదగినట్లు ద్వారముచెంత నుంచుట యవసరము. శాసనములలో రాజుల పేళ్లు చెక్కివేయబడినచో తరువాతివా రెంత శ్రమపడవలసివచ్చునో, ఆ శ్రమలోనే జీవితము గడపిన సూయెలు వేసిన పునాదికి వేరుగా జెప్పనక్కర లేదు.

నాట్యమునకు లేని శాలయు బెజవాడలో నెట్టకేలకు వెలసినది. తుమ్మలపల్లివారి కళాక్షేత్రమునకు క్షేత్రయ్య పేరు పెట్టిరి. జూబిలీ మందిరము ముందరి మార్గమునకు మహాత్మాగాంధి పేరు వచ్చినది. ఊరివారు మాత్రము నేటికిని దానిని బందరు రోడ్డనియే పిలుచుచున్నారు.